అవయవ మార్పిడి: బ్లడ్ గ్రూప్ కలిసినా కొత్త కిడ్నీని శరీరం ఎందుకు తిరస్కరిస్తుంది? ‘మెమొరీ కణాలు’ ఏం చేస్తాయి?

భార్యకు కిడ్నీ ఇవ్వడానికి భర్త ముందుకొచ్చారు. ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూప్. ఆయనకు బీపీ లేదు, షుగర్ లేదు, స్కానింగులన్నీ బాగానే ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు చేసిన ఒక రక్తపరీక్ష రిపోర్టులో మాత్రం ‘క్రాస్‌మ్యాచ్ పాజిటివ్’ అని వచ్చింది.

కిడ్నీ మార్పిడి చేసే ఆసుపత్రుల్లో ఇదేమీ అరుదైన విషయం కాదు. ‘పాజిటివ్’ అన్న మాట చూసి శుభవార్తే అనుకుని ఊపిరి పీల్చుకునే కుటుంబాలూ ఉంటాయి. కానీ ఆ మాటకు అర్థం వేరు. భర్త కణాలపై దాడి చేసే యాంటీబాడీలు ఆమె రక్తంలో ఇప్పటికే ఉన్నాయని దాని సారాంశం.

ఆమెకు ఇంతకుముందు ఎప్పుడూ అవయవ మార్పిడి జరగలేదు. మరి ఆయన కణాలతో ఆమె శరీరానికి పరిచయం ఎక్కడ ఏర్పడింది? చాలా సందర్భాల్లో దీనికి జవాబు ఒకటే: ఆయన బిడ్డను కడుపులో మోసినప్పుడు.

ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీలో చదువుతుండవచ్చు. ఆమె రోగనిరోధక వ్యవస్థ మాత్రం ఆ పరిచయాన్ని మర్చిపోలేదు. టీకాలు పనిచేసేలా, ఒకసారి తట్టు వస్తే మళ్లీ రాకుండా చేసేది కూడా ఈ జ్ఞాపకశక్తే. అవయవ మార్పిడి దగ్గరికి వచ్చేసరికి అదే పెద్ద అడ్డంకిగా మారుతుంది.

గ్లాస్గోలో తేలిన విషయం

ఈ జ్ఞాపకం గురించి స్పష్టమైన ఆధారం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దొరికింది. విమానాలు కూలి, బాంబులు పడి ఒళ్లంతా కాలిన వారితో బ్రిటన్ ఆసుపత్రులు నిండిపోతున్న రోజులవి. ఇతరుల చర్మాన్ని అతికిస్తే కొన్నాళ్లు బాగానే కనిపించి, తర్వాత ఊడిపోయేది. అలా ఎందుకు జరుగుతోందో తెలుసుకోవడానికి పీటర్ మెడావర్ అనే యువ జంతుశాస్త్రవేత్త గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి వెళ్లి, థామస్ గిబ్సన్ అనే సర్జన్‌తో కలిసి పనిచేశారు.

అక్కడ తీవ్రంగా కాలిన ఒక యువతికి ఆమె సోదరుడి చర్మాన్ని చిన్న చిన్న ముక్కలుగా అతికించారు. కొన్ని రోజుల తర్వాత అదే సోదరుడి నుంచి రెండో విడత చర్మం తీసి అతికించారు. మొదటి విడత కొంతకాలం నిలబడింది. రెండోది అంతకంటే చాలా వేగంగా నాశనమైంది.

చర్మం అదే, దాత అదే, రోగీ అదే. మారింది ఒక్కటే, ఆమె శరీరం ఆ చర్మాన్ని అప్పటికే ఒకసారి చూసింది. గిబ్సన్, మెడావర్ ఈ ఫలితాలను 1943లో ప్రచురించారు. తిరస్కరణ అనేది సర్జన్ చేతి పనిలో లోపం కాదని, అది రోగనిరోధక వ్యవస్థ చేసే పని అని దీంతో అర్థమైంది. రెండోసారి తిరస్కరణ వేగంగా జరగడమే అందుకు బలమైన సాక్ష్యం. మెడావర్‌కు 1960లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ జ్ఞాపకం ఎక్కడ దాగి ఉంటుంది? 1954లో అవ్రియన్ మిచిసన్ ఎలుకలపై చేసిన ప్రయోగాలు దీనికి జవాబిచ్చాయి. వేరే ఎలుక కణజాలాన్ని ఒకసారి తిరస్కరించిన ఎలుక లింఫ్ గ్రంథుల నుంచి కణాలు తీసి మరో ఎలుకకు ఎక్కిస్తే, ఆ రెండో ఎలుక కూడా అదే కణజాలాన్ని వేగంగా తిరస్కరించింది. రక్తంలోని సీరం ఎక్కిస్తే అలా జరగలేదు. అంటే జ్ఞాపకం కణాల్లో ఉంది. యాంటీబాడీలకూ ఇందులో పెద్ద పాత్రే ఉందని తర్వాత తేలింది, ఆ విషయానికి ముందు ముందు వద్దాం.

మెమొరీ కణాలంటే ఏంటి?

వీటి బలం ఎంతో చెప్పడానికి శాస్త్రవేత్తలు తరచూ ఫారో దీవుల కథ చెబుతారు. డెన్మార్క్ అధీనంలోని ఆ దీవుల్లో 1846లో తట్టు ప్రబలింది. పరిశీలనకు వెళ్లిన పీటర్ పానుమ్ అనే యువ వైద్యుడు ఒక విచిత్రం గమనించారు. అక్కడ అంతకుముందు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు అది సోకి బతికిన వృద్ధులకు 65 ఏళ్ల తర్వాత మళ్లీ రాలేదు.

మన రక్తంలో తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు, బీ కణాలు రెండు దశల్లో ఉంటాయి. ఇంకా ఏ శత్రువునూ చూడని కొత్త కణాలు మొదటి రకం. ఇవి పని మొదలుపెట్టడానికి సమయం పడుతుంది. ముందుగా లింఫ్ గ్రంథికి చేరాలి. అక్కడ వేరే కణం శత్రువు ఆనవాలును చూపించాలి. దాంతోపాటు ‘ఇది నిజంగానే ప్రమాదం’ అని ధ్రువీకరించే రెండో సంకేతమూ అందాలి. అప్పుడు గానీ అవి విభజన చెంది సైన్యంగా మారవు. దీనికి రోజులు పడుతుంది.

ఆ యుద్ధం ముగిశాక సైన్యంలో ఎక్కువ భాగం చనిపోతుంది. కొద్ది కణాలు మాత్రం మిగిలి ఏళ్ల తరబడి బతుకుతాయి. ఇవే మెమొరీ కణాలు. సంఖ్యలో ఇవి కొత్త కణాల కంటే ఎక్కువ. చిన్న సంకేతానికే స్పందిస్తాయి. రెండో సంకేతం కోసం అంతగా ఎదురుచూడవు. లింఫ్ గ్రంథికి వెళ్లాల్సిన పని లేకుండా నేరుగా అవయవంలోకే చొరబడగలవు.

మెమొరీ టీ కణాల్లోనూ రకాలున్నాయి. లింఫ్ గ్రంథుల్లో తిరుగుతూ అవసరమైతే పెద్ద సైన్యాన్ని తయారుచేసేవి కొన్ని, కణజాలాల్లో గస్తీ తిరుగుతూ వెంటనే దాడి చేసేవి మరికొన్ని అని ఫెడెరికా సలూస్టో, ఆంటోనియో లాంజావెక్కియా బృందం 1999లో వర్గీకరించింది. రక్తంలోకి తిరిగి రాకుండా ఒకే అవయవంలో స్థిరనివాసం ఏర్పరుచుకునే మూడో రకాన్ని తర్వాతి ఏళ్లలో గుర్తించారు.

పరాయి అవయవం అంటే అంత కోపం ఎందుకు?

మన కణాల ఉపరితలంపై హెచ్ఎల్ఏ అనే ప్రొటీన్లు ఉంటాయి. వీటి జన్యువులు ఆరో క్రోమోజోమ్‌లో ఉంటాయి. కణానికి ఇవి గుర్తింపు కార్డు లాంటివి. తండ్రి నుంచి ఒక సెట్టు, తల్లి నుంచి ఒక సెట్టు వస్తాయి. అందుకే తోబుట్టువుల్లో ఇద్దరికి రెండు సెట్లూ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడికి ఒకేలా ఉండే కవలలను ఎంచుకోవడానికి కారణం ఇదే. వారి హెచ్ఎల్ఏలో తేడా ఉండదు.

ఒక మామూలు వైరస్‌ను గుర్తించగల టీ కణాలు మన ఒంట్లో మొదట్లో లక్షకో, పది లక్షలకో ఒకటి చొప్పున ఉంటాయి. పరాయి వ్యక్తి హెచ్ఎల్ఏకు స్పందించేవి మాత్రం నూటికి ఒకటి నుంచి పది వరకూ ఉండొచ్చని అంచనా. అంటే సైన్యం మొదటి నుంచే పెద్దది. ఆ సైన్యంలో అనుభవజ్ఞులూ ఉంటే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

ఎప్పుడూ గర్భం దాల్చని, రక్తం ఎక్కించుకోని, అవయవ మార్పిడి జరగని వ్యక్తిలోనూ పరాయి హెచ్ఎల్ఏపై దాడి చేసే మెమొరీ కణాలు ఉండటం దీనికన్నా ఆశ్చర్యకరం. పరిచయమే లేనప్పుడు జ్ఞాపకం ఎలా వచ్చింది?

పొరపాటు వల్ల. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా దీని బారిన పడినవారే. చాలామందికి ఆ సంగతి కూడా తెలియదు. హెచ్ఎల్ఏ-బీ8 రకం ఉన్నవారిలో ఈ వైరస్‌ను గుర్తించే టీ కణాల్లో కొన్ని, హెచ్ఎల్ఏ-బీ44 రకం ఉన్న పరాయి కణాలను చూసినప్పుడు కూడా అదే వైరస్ అనుకుని దాడి చేస్తాయని తేలింది. ఆకారంలో ఉన్న పోలికే ఇందుకు కారణం. ఇదేదో అరుదైన ఘటన కావచ్చని మొదట అనుకున్నారు. కానీ నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన వైరస్ మెమొరీ టీ కణాల రకాల్లో దాదాపు సగం ఏదో ఒక పరాయి హెచ్ఎల్ఏకు స్పందించాయి.

ఎలుకల్లో నయమైంది, మనుషుల్లో ఎందుకు కాలేదు?

అవయవ మార్పిడి పరిశోధనలో దశాబ్దాల పాటు వేధించిన ప్రశ్న ఇది. మందులు జీవితాంతం వాడే పని లేకుండా, కొత్త అవయవాన్ని శరీరం తనదిగా అంగీకరించేలా చేయడం ప్రయోగశాల ఎలుకల్లో చాలాసార్లు సాధ్యమైంది. మెడావర్ బృందమే 1953లో దీన్ని చేసి చూపించింది. కోతుల్లో, మనుషుల్లో అవే పద్ధతులు ఎక్కువగా విఫలమయ్యాయి.

దీనికి ఒక ముఖ్య కారణం ఎలుకల బోనుల శుభ్రత. ప్రయోగశాల ఎలుకలు దాదాపు క్రిములే లేని వాతావరణంలో పెరుగుతాయి. వాటి ఒంట్లో మెమొరీ కణాలు చాలా తక్కువ. ఆ ఎలుకల రోగనిరోధక వ్యవస్థ పెద్ద మనిషిది కాకుండా, అప్పుడే పుట్టిన శిశువుది లాగా ఉంటుందని మినెసోటా యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ‘నేచర్’ పత్రికలో వివరించారు. పెంపుడు జంతువుల దుకాణంలోని ఎలుకలతో కలిపి ఉంచగానే వాటి రోగనిరోధక వ్యవస్థ పెద్దవాళ్లదిలా మారిపోయింది.

ప్రయోగశాల ఎలుకలకు కావాలనే వరుసగా వైరస్‌లు సోకించి, ఆ తర్వాత చర్మం అతికిస్తే ఏమవుతుందో చూసిన అధ్యయనం 2003లో వచ్చింది. అంతకుముందు పనిచేసిన పద్ధతి ఆ ఎలుకల్లో పనిచేయలేదు. క్రిముల మధ్య పెరిగే మనలాంటి వారికి ఈ ఫలితం ఎంత దగ్గరిదో వేరే చెప్పక్కర్లేదు.

యాంటీబాడీల జ్ఞాపకం

ఇక బీ కణాల సంగతి. ఇవి యాంటీబాడీలు తయారుచేసే వంశానికి చెందినవి. వీటి జ్ఞాపకం రెండు చోట్ల ఉంటుంది. ఎముక మూలుగలో దీర్ఘకాలం బతికే ప్లాస్మా కణాలు ఏళ్ల తరబడి ఆపకుండా యాంటీబాడీలు విడుదల చేస్తూనే ఉంటాయి. మెమొరీ బీ కణాలు మాత్రం ఏ పనీ చేయకుండా ఎదురుచూస్తుంటాయి. పాత శత్రువు మళ్లీ కనిపిస్తే కొద్ది రోజుల్లోనే కొత్త ప్లాస్మా కణాలుగా మారతాయి.

అవయవ మార్పిడి తొలి రోజుల్లో కొన్ని కిడ్నీలు ఆపరేషన్ టేబుల్ మీదే, రక్తప్రసరణ మొదలైన కాసేపటికే నీలంగా మారి చచ్చుబడిపోయేవి. ఎందుకో తేల్చింది అమెరికాలోని పటేల్, పాల్ టెరాసాకి. బాల్యంలో కొన్నేళ్లు జపాన్ మూలాలున్న వారి కోసం అమెరికా పెట్టిన నిర్బంధ శిబిరంలో గడిపిన టెరాసాకి, తర్వాత ఈ రంగంలో అత్యంత ప్రభావశీల శాస్త్రవేత్తల్లో ఒకరయ్యారు. దాత తెల్ల రక్తకణాలను గ్రహీత సీరంతో కలిపి, ఆ కణాలు చనిపోతాయా లేదా అని చూడటమే వారి పరీక్ష. 1969లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 మార్పిడుల్లో 24 వెంటనే విఫలమయ్యాయి. నెగెటివ్ వచ్చిన 195లో అలా విఫలమైనవి 8 మాత్రమే.

క్రాస్‌మ్యాచ్ ఆ తర్వాత ప్రపంచమంతటా తప్పనిసరి పరీక్ష అయింది. ఇప్పుడు ఇంకా సున్నితమైన పద్ధతులు వచ్చాయి. ఏ హెచ్ఎల్ఏపై ఎంత యాంటీబాడీ ఉందో విడివిడిగా చెప్పే పరీక్షలు మన నగరాల్లోనూ చేస్తున్నారు.

అయితే ఒక లోటు మిగిలే ఉంది. ఈ పరీక్షలు రక్తంలో ఉన్న యాంటీబాడీలను చూస్తాయి. నిద్రాణంగా ఉన్న మెమొరీ కణాలను చూడవు. కాన్పు జరిగి ఇరవై ఏళ్లయ్యాక యాంటీబాడీలు లెక్కకు అందనంతగా తగ్గిపోవచ్చు. రిపోర్టు నెగెటివ్ రావచ్చు. భర్త కిడ్నీ అమర్చిన తర్వాత పాత మెమొరీ బీ కణాలు మేల్కొంటే కొద్ది రోజుల్లోనే యాంటీబాడీలు ఎగబాకుతాయి. మెమొరీ కణాలను నేరుగా లెక్కించే ఎలీస్పాట్ లాంటి పరీక్షలు ఉన్నా అవి ఇంకా చాలావరకు పరిశోధన స్థాయిలోనే ఉన్నాయి.

భారత్‌లో ఇది మహిళల సమస్య కూడా

భారత్‌లో కిడ్నీ మార్పిడిలో అత్యధిక భాగం జీవించి ఉన్న దాతల నుంచే జరుగుతుంది. చట్ట ప్రకారం ఆ దాత సాధారణంగా దగ్గరి బంధువే అయి ఉండాలి. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ ‘నోటో’ గణాంకాల ప్రకారం జీవించి ఉన్న దాతల్లో మూడింట రెండొంతులకు దగ్గరగా మహిళలే ఉన్నారు. అవయవాలు అందుకుంటున్న వారిలో మాత్రం పురుషులే ఎక్కువ.

ఈ తేడాకు సామాజిక కారణాలు అందరికీ తెలిసినవే, వాటిపై చర్చ కూడా జరుగుతోంది. దీనికి శరీరధర్మం పెట్టే అడ్డంకీ తోడవుతుందన్న విషయం మాత్రం ఆ చర్చలో పెద్దగా వినిపించదు. పెళ్లై పిల్లలున్న మహిళకు సహజంగా దొరికే దాతలు ఎవరు? భర్త, పిల్లలు. బిడ్డలో సగం హెచ్ఎల్ఏ భర్తది. గర్భంలో, ముఖ్యంగా కాన్పు సమయంలో బిడ్డ కణాలు తల్లి రక్తంలోకి చేరతాయి. అందుకే భర్త ఇచ్చినా, కొడుకో కూతురో ఇచ్చినా ఆమె శరీరానికి అది పాత పరిచయమే కావచ్చు. భార్య కిడ్నీ తీసుకునే భర్తకు ఈ సమస్య లేదు.

ప్రతి తల్లికీ ఇలా జరుగుతుందని కాదు. చాలామందిలో యాంటీబాడీలు ఏర్పడవు. కాన్పుల సంఖ్య పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. గర్భస్రావాలు కూడా లెక్కలోకి వస్తాయి. గర్భం వల్ల టీ కణాలు, బీ కణాలు ఒకే రకమైన పాఠం నేర్చుకోవని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. ఎలుకలపై చేసి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గర్భం తర్వాత టీ కణాలు బిడ్డను పోలిన అవయవం పట్ల సహనంగానే ఉన్నాయి. యాంటీబాడీలే ఆ సహనాన్ని దెబ్బతీశాయి.

రెండో కారణం రక్తం ఎక్కించడం. డయాలసిస్ రోగుల్లో రక్తహీనత సాధారణం. ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు ఉన్నాయి కానీ అందరూ క్రమం తప్పకుండా కొనలేరు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయినప్పుడు రక్తం ఎక్కిస్తారు. ఎక్కించే రక్తంలో దాత తెల్ల కణాలూ, ప్లేట్‌లెట్లూ ఉంటాయి. వాటిపై హెచ్ఎల్ఏ ఉంటుంది. తెల్ల కణాలను వడకట్టిన రక్తం వాడితే ఈ ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

దీనికి సంబంధించి చరిత్రలో ఒక విడ్డూరం ఉంది. 1973లో టెరాసాకి బృందమే, ముందుగా రక్తం ఎక్కించుకున్న వారిలో కొత్త కిడ్నీలు మెరుగ్గా నిలబడుతున్నాయని గుర్తించింది. దాంతో కొన్నేళ్లపాటు చాలాచోట్ల మార్పిడికి ముందు కావాలనే రక్తం ఎక్కించారు. 1980లలో సైక్లోస్పోరిన్ మందు వచ్చాక ఆ లాభం కనిపించకుండా పోయింది. నష్టం మాత్రం మిగిలింది. ఇప్పుడు మార్పిడి కోసం ఎదురుచూస్తున్న వారికి వీలైనంతవరకు రక్తం ఎక్కించవద్దన్నదే వైద్యుల సలహా.

మూడోది, గతంలో జరిగిన మార్పిడి. మొదటి కిడ్నీ పాడైన వారికి రెండోది దొరకడం అందుకే కష్టం. మందులు సరిగా వాడకపోవడం వల్ల తిరస్కరణ మొదలైతే పోయేది ఆ కిడ్నీ ఒక్కటే కాదు. ఆ దాతను పోలిన హెచ్ఎల్ఏ ఉన్న దాతలందరూ తర్వాతి జాబితాలోంచి జారిపోతారు.

మందులు ఈ జ్ఞాపకాన్ని చెరపలేవా?

ప్రస్తుతం వాడుతున్న టాక్రోలిమస్ లాంటి మందులు టీ కణాలను అణచి ఉంచుతాయి. మార్పిడి సమయంలో టీ కణాలను భారీగా తొలగించే ఇంజెక్షన్లూ ఉన్నాయి. కానీ ఆ తుడిచివేతను కొత్త కణాల కంటే మెమొరీ కణాలే ఎక్కువగా తట్టుకుంటాయి. ఖాళీ అయిన చోటును నింపడానికి మిగిలిన కణాలు విభజన చెందుతాయి. అలా తిరిగి పెరిగే వాటిలోనూ మెమొరీ కణాల వాటాయే ఎక్కువ.

బెలాటసెప్ట్ కథ ఈ సమస్యను బాగా చూపిస్తుంది. అమెరికా 2011లో అనుమతించిన ఈ మందు టీ కణాలకు అందాల్సిన రెండో సంకేతాన్ని అడ్డుకుంటుంది. సైక్లోస్పోరిన్‌తో పోల్చి చేసిన ‘బెనిఫిట్’ అనే ట్రయల్‌లో, ఏడేళ్ల తర్వాత మరణం లేదా కిడ్నీ నష్టపోయే ముప్పు బెలాటసెప్ట్ వాడిన వారిలో 43 శాతం తక్కువగా ఉంది. కిడ్నీ పనితీరు కూడా మెరుగ్గా ఉంది. అయినా తొలి ఏడాది తీవ్ర తిరస్కరణ సైక్లోస్పోరిన్ వర్గంలో 7 శాతం ఉంటే, బెలాటసెప్ట్ వర్గాల్లో 17 నుంచి 22 శాతం వరకు కనిపించింది. రెండో సంకేతం అవసరం అంతగా లేని మెమొరీ టీ కణాలే దీనికి ప్రధాన కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

యాంటీబాడీల వైపూ ఇదే తంతు. ప్లాస్మా మార్పిడితో రక్తంలోని యాంటీబాడీలను తొలగించవచ్చు. రిటుక్సిమాబ్ సీడీ20 అనే గుర్తు ఉన్న బీ కణాలను చంపుతుంది. దీర్ఘకాలిక ప్లాస్మా కణాలపై ఆ గుర్తు ఉండదు కాబట్టి అవి తప్పించుకుంటాయి. యూరప్‌లో 2020లో షరతులతో అనుమతి పొందిన ఇమ్లిఫిడేస్ అనే ఎంజైమ్, రక్తంలోని ఐజీజీ యాంటీబాడీలను కొన్ని గంటల్లోనే ముక్కలు చేస్తుంది. ఆ కాస్త సమయంలో మార్పిడి చేసేయొచ్చు. కానీ తయారుచేసే కణాలు అలాగే ఉంటాయి కాబట్టి, రోజుల నుంచి వారాల్లోపే యాంటీబాడీలు మళ్లీ పెరగడం మొదలవుతుంది.

మొత్తంగా మెమొరీ కణాలను తుడిచేస్తే సరిపోదా అంటే, అలా చేస్తే చిన్నప్పటి నుంచి సంపాదించుకున్న రక్షణ అంతా పోతుంది. దాతపై దాడి చేసే వాటిని మాత్రమే ఏరి తొలగించే పద్ధతి ఇంకా సాధారణ చికిత్సలోకి రాలేదు.

క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వస్తే దారేంటి?

మొదట్లో చెప్పుకున్న దంపతుల లాంటి వారికి మూడు మార్గాలున్నాయి. యాంటీబాడీల స్థాయి తక్కువగా ఉంటే చికిత్సతో తగ్గించి మార్పిడి చేయొచ్చు. ఇది ఖర్చుతో కూడుకున్నది, ఇన్‌ఫెక్షన్ల ముప్పూ ఉంటుంది. రెండోది ‘స్వాప్’. ఇలాగే జత కుదరని మరో కుటుంబంతో దాతలను మార్చుకోవడం. 2011లో సవరించిన అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువుల జంటల మధ్య దీన్ని అనుమతించింది. ఆథరైజేషన్ కమిటీ ఆమోదం కావాలి. నా దృష్టిలో మన దేశంలో అవసరమైనంతగా వాడుకోని అవకాశం ఇదే. ఒక్కో ఆసుపత్రి తన జాబితాలో మాత్రమే వెతుక్కుంటే జతలు దొరకడం కష్టం. జాబితాలు కలిస్తే అవకాశాలు పెరుగుతాయి.

మూడోది, బ్రెయిన్ డెత్ అయిన దాత కిడ్నీ కోసం పేరు నమోదు చేసుకోవడం. తెలుగు రాష్ట్రాల్లో ‘జీవన్‌దాన్’ కార్యక్రమం ద్వారా ఇది జరుగుతుంది. యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నవారికి సరిపడే దాత దొరకడం కష్టం కాబట్టి, అమెరికా 2014 డిసెంబర్‌లో తన కేటాయింపు నిబంధనలు మార్చి, దాదాపు ఎవరితోనూ కుదరని స్థాయిలో ఉన్నవారికి భారీగా అదనపు పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన చిన్న పని ఇంకొకటుంది. ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భస్రావాలు, ఎప్పుడెప్పుడు రక్తం ఎక్కించారు అన్న వివరాలు డాక్టర్‌కు పూర్తిగా అందాలి. పెళ్లికి ముందో, ముప్పై ఏళ్ల కిందటో జరిగిన గర్భస్రావం ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. అత్తింటివారు పక్కన కూర్చుని ఉండగా ఆ ప్రశ్న అడిగితే నిజమైన జవాబు వస్తుందని ఆశించలేం. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగడానికి ఖర్చేమీ కాదు, పరీక్షల్లో కనిపించని జ్ఞాపకం గురించి ఒక్కోసారి దొరికే ఆధారం ఆ జవాబే.